పుస్తకముల గంపతో పల్లెలు తిరిగిన నవలాకారుడు: శ్రీ వట్టికోట ఆళ్వారుస్వామి జీవితము

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితచరిత్రము వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను పండితుడను గాను. ఈ గ్రామమున లెక్కలు వ్రాసికొని కాలము గడుపువాడను. ప్రొద్దుక్రుంకిన పిదప భారత భాగవతములను ముందిడుకొని, తెలియని పదమునకు నిఘంటువు వెదకికొనుచు, నాకు నేనే గురువునై చదివికొంటిని. కావున ఈ వ్యాసమున దొరలిన దోషములను పెద్దలు మన్నింతురు గాక.

ఎవరిని గూర్చి వ్రాయవలెనను సందేహము కలిగినప్పుడు నేను మొదట విప్పినది పురాణము గాదు, మన గ్రంథాలయపు రిజిస్టరు. లెక్కల వానికి లెక్కయే దారి చూపును. ఏ పుస్తకము ఎన్ని చేతులు మారినదో అందు వ్రాసియున్నది. పురాణములును, శతకములును, చరిత్రలును పాఠకులు లేక పోలేదు. కాని అట్టలు చిరిగి, దారములు తెగి, మూడేసి పర్యాయములు కుట్టించుకొన్న పుస్తకములన్నియు అపరాధ పరిశోధన నవలలే. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివు యుగంధరుని కథలకు మన యూరిలో ఉన్న ఆదరణము మరి దేనికిని లేదని ఆ రిజిస్టరు సాక్ష్యము పలుకుచున్నది. ఇందు సిగ్గుపడవలసినది లేదు. ఆంగ్లమున కోనన్ డాయిలు సృష్టించిన షెర్లాకు హోమ్సును లోకమంతయు చదివినది. మన భాషలో ఆరుద్రగారి వంటి మహాకవియు పలకల వెండిగ్లాసు అను పరిశోధక నవలను వ్రాసెను.

అయినను ఈ విషయమున మన సభలో వాదము పుట్టెను. నేరముల కథలు చదివినవారికి నేరబుద్ధి పుట్టునని ఒక పెద్దమనిషి ఆక్షేపించిరి. ఆ పుస్తకములే లేకున్న ఈ గడప త్రొక్కువారే యుండరని యువకులు బదులు చెప్పిరి. వారిలో నొకడు, అట్టి నవలలు వ్రాయు రచయిత నొకరిని రజతోత్సవమునకు పిలిపింతమనియు, నేరమన నేమో, నేరస్థుడు ఎట్లు పుట్టునో ఆయననే అడుగుదమనియు సూచించెను. ఆ సూచన నాకు మిక్కిలి నచ్చినది. ఇంటికి వచ్చి ఆలోచింపగా, అట్టి ప్రశ్నకు సమాధానము చెప్పగల నవలాకారుడొకడు, ఎవ్వరును పిలువకయే, పుస్తకముల గంప మోసికొని తెలంగాణపు పల్లెల వెంట తిరిగినాడని జ్ఞప్తికి వచ్చెను. ఆయనయే శ్రీ వట్టికోట ఆళ్వారుస్వామిగారు.

ఆయన పరిశోధక నవలలు వ్రాయలేదు. కాని నేరమును గూర్చి, నేరస్థుని గూర్చి ఆయన ఎరిగినంతగా ఎరిగిన తెలుగు రచయితలు అరుదు. పరిశోధక నవల నేరస్థుడు చేజిక్కినంతనే ముగియును. అతని చేతులకు సంకెల పడినంతనే మనము పుస్తకము మూసి నిద్రింతుము. ఆళ్వారుస్వామిగారు ఆ సంకెల పడిన తరువాత జైలు తలుపు లోపల ఏమి జరుగునో చూచి, అక్కడ కథ నారంభించిరి.

జననము, బాల్యము

ఆళ్వారుస్వామిగారు 1915వ సంవత్సరము నవంబరు 1వ తేదీన నల్లగొండ జిల్లా నకిరేకల్లు ప్రాంతమునందలి చెరువుమాదారము అను గ్రామమున జన్మించిరి. తండ్రి రామచంద్రాచార్యులు, తల్లి సింహాద్రమ్మ. వైష్ణవ సంప్రదాయమునకు చెందిన కుటుంబమగుటచే బిడ్డకు ఆళ్వారుల పేరు పెట్టుకొనిరి. పేరు గొప్పదే గాని ఇల్లు పేదది. పిల్లవాడు చిన్నవాడై యుండగనే తండ్రి గతించెను. బడికి పోవలసిన ఈడున పొట్టకూటికి వెదకికొనవలసి వచ్చెను.

ఆ బాలుడు చదువుకొరకు ఎన్నుకొన్న మార్గము గమనింపదగినది. ఒక ఉపాధ్యాయుని యింట వంట చేసి పెట్టుచు, ఆ పనికి ప్రతిఫలముగా అక్షరములు నేర్చెను. పూర్వము గురుకులములందు శిష్యులు గురువుగారి కట్టెలు కొట్టి, ఆవులు కాచి విద్య సంపాదించిరని మనము చదువుదుము. ఇరువదవ శతాబ్దియందు ఒక తెలంగాణపు పిల్లవాడు పొయ్యి యొద్ద కూర్చుండి అదే రీతిని చదువుకొనెను. తరువాత విజయవాడ చేరి ఒక హోటలులో వడ్డన పని చేసెను. బడులందు పరీక్షలిచ్చి పట్టము లందుకొన్నవాడు గాడు. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు భాషలను తన కృషిచేతనే అలవరచుకొనెను.

నావంటి వారికి ఇది గొప్ప ధైర్యము నిచ్చు విషయము. బడి లేకపోయినను, ఎదుట పుస్తకమొకటి యున్న చాలునని ఆయన జీవితము చెప్పుచున్నది. కాని ఆ పుస్తకము ఎదుటకు ఎట్లు వచ్చును? ఆ ప్రశ్నకు సమాధానమే ఆయన తరువాతి జీవితమంతయు.

ఆనాటి తెలంగాణము

ఇప్పటి పిల్లలకు ఆనాటి పరిస్థితి చెప్పిన గాని ఆళ్వారుస్వామిగారు చేసిన పని యొక్క విలువ తెలియదు. మన ప్రాంతము హైదరాబాదు నిజాము ఏలుబడిలో నుండెను. 1911 నుండి 1948 వరకు మీర్ ఉస్మాన్ అలీఖాన్ ప్రభువు. కచ్చేరీలలో ఉర్దూ, బడులలో ఉర్దూ. ఇంట తెలుగు మాటలాడుకొను ప్రజలకు తమ భాషలో ఒక అర్జీ వ్రాసికొను వీలు లేకుండెను. పల్లెలలో దేశముఖులు, దొరలు చేయించుకొను వెట్టిచాకిరి. సభ జరుపవలెనన్న ముందుగా సర్కారువారి అనుమతి కావలెను. గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు ఆ విషయమున అపకీర్తి గాంచినది.

ఇట్టి కాలమున ప్రజలు మెల్లగా మేల్కొనుటకు దొరికిన చోటు గ్రంథాలయము. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసెను. నలుగురు కూర్చుండి పత్రిక చదివికొన్న చోట నాలుగు ఆలోచనలు పుట్టునని అధికారులకును తెలియును, ప్రజలకును తెలియును. 1930లో జోగిపేటయందు సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన నిజాము రాష్ట్రాంధ్ర మహాసభ ప్రారంభమయ్యెను. ఆ మహాసభ యొక్క నాలుగవ సమావేశము 1935లో మాడపాటి హనుమంతరావుగారి అధ్యక్షతన జరిగినది మన సిరిసిల్లలోనే. మానేరు దాటిన నిమిషములో మనము చేరుకొను ఆ పట్టణమున ఆనాడు తెలుగు భాషకును, తెలుగువారి హక్కులకును అంత గొప్ప సభ జరిగెనని మనలో ఎందరికి జ్ఞాపకమున్నది?

నగరప్రవేశము, గ్రంథమాల

ఆళ్వారుస్వామిగారు హైదరాబాదు చేరి, ప్రతాపరెడ్డిగారు 1926లో స్థాపించిన గోలకొండ పత్రికయందు అచ్చుతప్పులు దిద్దు పనిలో కుదిరిరి. అక్షరము వెంట అక్షరము చూచి దోషము పట్టుట ఆ ఉద్యోగము. తెలంగాణములో కవులే లేరను నిందకు బదులుగా 354 మంది కవుల పద్యములతో గోలకొండ కవుల సంచికను 1934లో వెలువరించిన కార్యాలయమది. అక్కడి గాలి పీల్చిన యువకునికి ఒక విషయము స్పష్టమయ్యెను. పట్టణమున పుస్తకము పుట్టుచున్నది, పల్లెలో పాఠకుడు పుట్టుచున్నాడు, ఆ యిరువురిని కలుపువాడు లేడు.

1938 ఏప్రిల్ 11న దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు స్వర్గస్థులైరి. అమృతాంజనము అమ్మి సంపాదించిన ధనముతో ఆంధ్రపత్రికను, భారతిని, ఆంధ్రగ్రంథమాలను నడిపి, ఊరూరి గ్రంథాలయములకు అండగా నిలిచిన దాత ఆయన. ఆ సంవత్సరమే ఆళ్వారుస్వామిగారు ఆయన స్మృతికై దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించిరి. ఇరువదిమూడేండ్ల యువకుడు, చేత ధనము లేదు, వెనుక జమీందారు లేడు. నాగేశ్వరరావుగారికి మందు సీసాల అంగడి యుండెను. ఆళ్వారుస్వామిగారికి తన రెండు కాళ్ళును, తన తలయును తప్ప పెట్టుబడి లేకుండెను.

ఆ పెట్టుబడితోనే ఆయన వ్యాపారము సాగెను. పుస్తకములు అచ్చు వేయించి, వానిని గంపకెత్తుకొని ఊరూరికి నడచిపోయెడివారు. కూరగాయలమ్ము వారు, గాజులమ్ము వారు వచ్చినట్లే పుస్తకములమ్మువాడు గ్రామమునకు వచ్చుట ఆనాటి వారికి వింత. కొనగలవారు కొనిరి. కొనలేనివారు అరుగుపై కూర్చుండి వినిరి. గ్రంథాలయమున్న చోట అక్కడివారితో కూర్చుండి మాటలాడిరి. లేనిచోట ఒక గ్రంథాలయమునకు విత్తనము వేసిరి. పెద్ద రచయిత వచ్చునని తోరణములు కట్టి ఎదురుచూచుట మనకు తెలియును. రచయితయే పుస్తకముల బరువు మోసికొని పాఠకుని వాకిట నిలుచుట అపూర్వము.

ఈ గ్రంథమాల ముప్పదికి పైగా గ్రంథములను వెలువరించెను. ఇతరులను వెలుగులోనికి తెచ్చుటయందు ఆయనకు మిక్కిలి యిష్టము. కాళోజీ నారాయణరావుగారి కథలను 1943లోను, నా గొడవ కవితలను 1953లోను ప్రకటించినది ఈ గ్రంథమాలయే. తెలంగాణము యొక్క జీవితమును, చరిత్రను తెలుపు వ్యాసములను పలువురిచేత వ్రాయించి, తెలంగాణ అను పేర సంపుటములుగ కూర్చిరి. తాను వ్రాయుటకంటె ముందు ఇతరులచేత వ్రాయించిన రచయితలలో ఆయన ముఖ్యుడు.

కారాగారము

పుస్తకములు మోయు మనిషి ప్రజల కష్టములను చూడక తప్పదు, చూచినవాడు ఊరకుండలేడు. ఆళ్వారుస్వామిగారు ఆంధ్రమహాసభ కార్యకర్తయై, గాంధీమహాత్ముని ప్రభావముచే 1942 నాటి ఉద్యమమున పాల్గొని జైలు చూచిరి. క్రమముగా కమ్యూనిస్టు పక్షమున చేరిరి. 1946 జూలైలో కడివెండియందు దొడ్డి కొమరయ్య నేలకొరిగిన పిదప తెలంగాణ పోరాటము సాయుధరూపము దాల్చెను. ఆ సంక్షోభకాలమున ఆయన మరల నిర్బంధితుడయ్యెను. 1948 సెప్టెంబరు 17న నిజాము పాలన అంతరించినను కమ్యూనిస్టులకు జైలుద్వారములు తెరువబడలేదు. నిజాము ప్రభుత్వము నాటను, దాని తరువాతి ప్రభుత్వము నాటను ఆయన కారాగారవాస మనుభవించిరి.

నిజామాబాదు కోటలోని జైలులో ఆయనకు తోడుగా యువకవి దాశరథి కృష్ణమాచార్యులుండెను. పండ్లు తోముకొనుట కిచ్చిన బొగ్గుతో దాశరథి జైలుగోడలపై నిజామును నిరసించు పద్యములు వ్రాసెను. కాగితము లేనిచోట గోడయే గ్రంథమయ్యెను. ఆ గ్రంథమునకు ఆళ్వారుస్వామి మొదటి పాఠకుడు. తన తొలికావ్యమగు అగ్నిధారను 1949లో ప్రకటించినపుడు దాశరథి దానిని ఆళ్వారుస్వామిగారికి అంకితమిచ్చెను. రాజులకును, ధనికులకును కృతులంకిత మిచ్చిన భాషలో, ఒక తోటిఖైదీకి, పుస్తకములు మోసిన వానికి కృతి అంకితమగుట చిన్న విషయము గాదు.

రాజకీయ ఖైదీలు జైలుకు పోయినపుడు సాధారణముగ తమవారితో కలిసి కూర్చుండి, చదువుకొని, వాదించుకొని కాలము గడుపుదురు. పక్క బారకులోని దొంగను, హంతకుని చూచి ముఖము త్రిప్పుకొనువారే ఎక్కువ. ఆళ్వారుస్వామిగారు అట్లు చేయలేదు. వారి దగ్గర కూర్చుండి వారి కథలు వినిరి. ఎవరి కొడుకు, ఏ యూరు, మొదటి దొంగతనము ఎప్పుడు, ఏ పూట చేసెనని విచారించిరి. పోలీసువాడును ఈ ప్రశ్నలే అడుగును. అతడు శిక్ష వేయించుటకు అడుగును, ఈయన అర్థము చేసికొనుటకు అడిగెను.

జైలు లోపల

ఆ విన్న కథలే తరువాత జైలు లోపల అను కథలసంపుటి యయ్యెను. అందలి మనుష్యులు మహాత్ములు గారు. దొంగలు, కొట్లాటలలో ప్రాణము తీసినవారు, చెడుసావాసములో పడినవారు. రచయిత వారి తప్పును దాచలేదు, పొగడలేదు. ఆ తప్పు వెనుక నున్న ఆకలిని, అవమానమును, దిక్కులేని బాల్యమును మన ముందుంచెను. జైలు మనిషిని బాగుచేయుటకు బదులు ఎట్లు మరింత చెరచునో చూపెను. చిన్న తప్పు చేసి లోపలికి వచ్చినవాడు పెద్ద తప్పు నేర్చికొని వెలుపలికి పోవు విధమును చెప్పెను. పరిశోధక నవలలో నేరస్థుడెవడను ప్రశ్నకు కడపటి పుటలో జవాబు దొరకును. ఈ కథలలో నేరము ఎవరిదను ప్రశ్న కడపటి పుట దాటి మన యింటికి వచ్చును.

ఈ కథలు చదివినపుడు నాకు భారతములోని ఆదిపర్వమునందలి మాండవ్యమహర్షి వృత్తాంతము జ్ఞప్తికి వచ్చినది. ఆయన మౌనవ్రతమున నుండగా దొంగలు వచ్చి ఆశ్రమమున దాగిరి. రాజభటులు వచ్చి అడుగగా ముని పలుకలేదు. సొత్తు అక్కడ దొరికినది గనుక మునియు దొంగలతో కలిసినవాడేయని కొరత వేసిరి. సాక్ష్యములన్నియు సరిగనే యున్నవి, తీర్పు మాత్రము తప్పినది. పిదప ఆ ముని యమధర్మరాజు నొద్దకు పోయి తనకీ శిక్ష ఏల కలిగెనని అడుగగా, చిన్నతనమున పురుగులను ముల్లుతో గ్రుచ్చిన పాపఫలమని యముడు చెప్పెను. తెలియని ఈడున చేసిన అల్పమైన తప్పునకు ఇంత దండన ఏమని మునికి కోపము వచ్చి యముని శూద్రయోనియందు పుట్టుమని శపించెను. ఆ యముడే విదురుడై పుట్టెను. నాటినుండి పదునాలుగేండ్ల లోపలి పిల్లల తప్పునకు పాపము లేదని ముని కట్టడి చేసెను. శిక్ష విధించు దేవతకే శిక్ష పడిన ఈ కథను వేల ఏండ్లుగా వినుచున్న మనము, మన యూరి పిల్లవాడు ఒక తప్పు చేసినచో ఏమి చేయుచున్నాము?

ఈ ప్రశ్న వేయుటకు నాకు స్వానుభవ మొకటి గలదు. చెప్పుకొనుట కష్టమైనను ఈ సంచికలో చెప్పుటయే న్యాయము. సుమారు పదునాలుగేండ్ల క్రిందట మరమగ్గముపై పనిచేయు ఒకాయన కుమారుడు, పదుమూడేండ్లవాడు, మన గ్రంథాలయమునుండి ఒక పరిశోధక నవలను తీసికొనిపోయెను. గడువు దాటినను తేలేదు. ఇంటికి పోయి చూడగా తాళము. అప్పులవారి ఒత్తిడికి తాళలేక ఆ కుటుంబము రాత్రికి రాత్రి భివండికి వలసపోయినదని ఇరుగుపొరుగువారు చెప్పిరి. అప్పుడు రిజిస్టరు నేనే వ్రాయుచుంటిని. ఆ పిల్లవాని పేరున ఎఱ్ఱసిరాతో దొంగ యని వ్రాసి, మరల పుస్తకమీయరాదని గీత గీచితిని.

రెండేండ్లకు సద్దుల బతుకమ్మ నాటికి ఆ తండ్రి ఊరికి వచ్చి, నేరుగా గ్రంథాలయమునకు వచ్చెను. సంచిలోనుండి ఆ నవలను తీసి నా ముందుంచెను. సిమెంటు సంచి కాగితముతో దానికి చక్కని అట్ట వేసియున్నది. దానితోపాటు ఒక చీటీయు కొంత పైకమును ఇచ్చెను. దినమునకు పది పైసల చొప్పున ఆలస్యపు జరిమానా ఎంతయగునో ఆ పిల్లవాడు తండ్రి ఊరు చేరు దినము వరకు లెక్క కట్టి, అంతయు చెల్లింపుమని పంపెనట. అలవాటు కొలది ఆ లెక్కను సరిచూచితిని. ఒక్క పైసా తేడా లేదు. ఎదుట రిజిస్టరు తెరచియున్నది. అందులో నా ఎఱ్ఱసిరా వ్రాత యున్నది. ఆ తండ్రికి చదువు రాదు గనుక ఆయన దానిని చూచియు చూడలేదు. నేను తల యెత్తలేకపోతిని.

లెక్కల పుస్తకములో తప్పు వ్రాసినచో దానిని చెరిపివేయరాదు. ఒక్క గీతతో కొట్టివేసి, సరియైనది ప్రక్కన వ్రాసి, చేవ్రాలు పెట్టవలెను. ఆనాడే అట్లు చేసితిని. ఆ పుట నేటికిని మన గ్రంథాలయమున నున్నది. జైలు లోపల సంపుటి నాకు దొరికినది అటుపిమ్మట. అది ముందే చదివియుండిన ఆ ఎఱ్ఱసిరా వాడకపోదునేమో.

విడుదల, నవలలు

జైలునుండి వెలుపలికి వచ్చిన పిదప ఆళ్వారుస్వామిగారు విశ్రాంతి కోరలేదు. అంగళ్ళలో లెక్కలు వ్రాయు గుమాస్తాలకు, రిక్షా లాగువారికి సంఘములు కట్టుటలో పాటుపడిరి. తెలంగాణ రచయితల సంఘపు కార్యములలో పాల్గొనిరి. గ్రంథమాలను మరల నిలువబెట్టిరి. ఆ పనుల నడుమనే నవల వ్రాసిరి.

ఆయన ప్రజల మనిషి అను నవల 1955లో వెలువడెను. దిమ్మెగూడెము అను పల్లె, అందు రామభూపాలరావు అను దొర, ఆ దొరకు ఎదురు నిలిచిన కంఠీరవము అను యువకుడు. వెట్టిచాకిరియు, భూములు కాజేయు తంత్రములును, వానికి ప్రతిగా పల్లెలో తలయెత్తిన చైతన్యమును ఇందు కన్నులకు కట్టినట్లున్నవి. తెలంగాణ ప్రజల రాజకీయ జీవితమును చిత్రించిన తొలి నవలగా దీనిని సాహిత్యజ్ఞులు గౌరవింతురు. ఈ నవలలోను జైలు ఉన్నది, నేరము మోపుటయు ఉన్నది. నేరము మోపువాడే నేరస్థుడైనపుడు పల్లె ఏమగునను విషయము పాఠకునికి తెలియును. మన యేడుతరముల పెద్దలు పడిన పాట్లు ఇందు చదివినపుడు ఇది వేరొక జిల్లా కథ యని తోచదు.

దీని తరువాతి కాలపు చరిత్రను చెప్పుటకు గంగు అను నవలను ఆరంభించిరి. అది పూర్తి కాలేదు. 1961 ఫిబ్రవరి 5వ తేదీన, నలువది యారేండ్లైనను నిండకమునుపే, ఆళ్వారుస్వామిగారు కన్నుమూసిరి. అసంపూర్ణమైన గంగు 1965లో అచ్చయ్యెను. ఆయన విడిచిన దారిని దాశరథి రంగాచార్యులుగారు చేపట్టి చిల్లర దేవుళ్ళు, మోదుగుపూలు, జనపదము అను నవలలలో ఆ ప్రజాచరిత్రను ముందుకు నడిపిరి. ఒకరి గంప నింకొకరు ఎత్తుకొనుట యన ఇదియే.

మన కర్తవ్యము

పాఠకమహాశయులారా! ఆళ్వారుస్వామిగారికి ఆస్తులు లేవు, పదవులు లేవు. వంటచేసి చదివికొన్న పిల్లవాడు, హోటలులో వడ్డించిన యువకుడు, అచ్చుతప్పులు దిద్దిన ఉద్యోగి, పుస్తకములు మోసిన ప్రచురణకర్త, కటకటాల వెనుక దొంగల కథలు విన్న ఖైదీ, ఇవియే ఆయన బిరుదములు. ఇందులో ఏ యొక్కటియు మన గ్రామస్థులకు అందనిది గాదు.

అపరాధ పరిశోధన నవలలు మన గ్రంథాలయమున నుండవలెనా వలదా యని వాదించుకొన్న పెద్దలకును, యువకులకును నా మనవి ఒక్కటే. అవి ఉండనిండు. చదువరులను గడప దాటించి లోనికి తెచ్చినవి అవే. కాని ఆ బీరువాలోనే, ఆ వరుసలోనే, జైలు లోపల, ప్రజల మనిషి, గంగు ఈ మూటిని కూడ ఉంచుదము. దొంగ ఎట్లు పట్టుబడెనో చదివిన పిల్లవాడు, అతడు దొంగ యెట్లయ్యెనో కూడ ఆ చేతితోనే తీసి చదువును.

మరియొక మనవి. గ్రంథాలయమునకు రాలేనివారు మనలో చాలమంది గలరు. మరమగ్గము విడిచి రాలేనివారు, బీడీలు చుట్టుచు ప్రొద్దుపుచ్చు తల్లులు, కొడుకులు భివండికో గల్ఫుకో పోగా ఒంటిగా నున్న ముసలివారు. ఆదివారము నాడు ఇద్దరు యువకులు ఒక సంచి నిండ పుస్తకములు వేసికొని వారి వాకిళ్ళకు పోయిన ఎంత బాగుండును! చదువు రానివారికి పది పుటలు చదివి వినిపించిన ఇంకెంత బాగుండును! ఊరు విడిచి పోవు కుటుంబపు పిల్లవానిచేత పుస్తకమున్నచో, దానిని తిరిగి లాగికొనకుండ, వచ్చినపుడు తెమ్మని చెప్పి పంపుదము. తిరిగి వచ్చునని నేను పూచీ పడుదును. ఆ విషయమున నాకు సాక్ష్యము గలదు.

ఇరువదియైదేండ్లు నిండిన మన గ్రంథాలయము మరి నూరేండ్లు వర్ధిల్లవలెననియు, పుస్తకము మోయు భుజములు మన యూరిలో కొఱవడకుండవలెననియు భగవంతుని ప్రార్థించుచు, శ్రీ వట్టికోట ఆళ్వారుస్వామిగారి పుణ్యస్మృతికి నమస్కరించి విరమించుచున్నాను.